ఏడు రోజుల్లో నన్ను నేను ఒప్పుకోవడం: యూవర్షన్ బైబిల్ యాప్‌లో ఒక తెలుగు ధ్యాన ప్రణాళికపై సమీక్ష

మా చెల్లెలి కూతురు హైదరాబాదులో ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతోంది. గత వేసవిలో ఒంగోలులో బంధువుల పెళ్లికి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర వరుసకు అత్త అయ్యే ఒకావిడ ఆ అమ్మాయిని ఎగాదిగా చూసి, "చదువుకేం, బాగానే చదువుతోంది గానీ, పిల్ల కాస్త రంగు తక్కువ" అని బల్ల చుట్టూ ఉన్నవారందరికీ వినిపించేలా అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కారు. ఆదివారం ఆరాధనకు అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచే మనిషి. ఆ మాట అన్న వెంటనే మా అమ్మాయి విస్తరిలోకి బిర్యానీ మారు వడ్డించమని కూడా ఆవిడే చెప్పారు. మా అమ్మాయి మాత్రం ఆ రోజు గ్రూపు ఫొటోలో నిలబడలేదు. నెల రోజుల తరువాత ఒక రాత్రి తన దగ్గరి నుంచి నాకొక లింకు వచ్చింది. అది యూవర్షన్ బైబిల్ యాప్‌లోని ఏడు రోజుల ధ్యాన ప్రణాళిక. దేవుడు చేసిన మనిషిగా తనను తాను అంగీకరించుకొని ఎదగడం దాని విషయం. "పెద్దమ్మా, ఇద్దరం కలిసి చదువుదామా?" అని కింద రాసింది.

ప్రణాళిక పేరూ దానిని తయారుచేసిన సంస్థ పేరూ ఇక్కడ రాయడం లేదు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చే ఇటువంటి ధ్యానాలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి కనుక, నేను చెప్పబోయే మెచ్చుకోలు గానీ అభ్యంతరం గానీ ఒక్కదానికే చెందదు.

ముందుగా యాప్ సంగతి. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రానికి చెందిన లైఫ్.చర్చ్ అనే సంఘం దీనిని 2008 జూలైలో, ఐఫోను యాప్ స్టోరు మొదలైనప్పుడే, విడుదల చేసింది. 2021 నాటికి దీనిని దింపుకొన్న ఫోన్ల సంఖ్య 50 కోట్లు దాటింది. డబ్బు కట్టనక్కర లేదు, ప్రకటనలు రావు. తెలుగులో ఒకటి కంటే ఎక్కువ అనువాదాలు ఉన్నాయి. మన ఇళ్లలో పుటల అంచులు నలిగిపోయిన నల్ల అట్ట బైబిల్లో ఉండే పాత అనువాదం కూడా అందులో ఉంది. ధ్యాన ప్రణాళికలను మాత్రం రకరకాల సంఘాలు, సంస్థలు రాసి అందిస్తాయి, యాప్ వాటికి వేదిక మాత్రమే. ఒక్కో రోజుకు ఒక చిన్న ధ్యానం, దాని వెంట రెండు మూడు వాక్యభాగాలు ఉంటాయి. ఇద్దరు ముగ్గురు కలిసి చదువుకొని రోజు చివర తమ మాట రాసుకోవచ్చు. రోజుకు పది నిమిషాలకు మించి పట్టదు. మాకు ఒక్కోసారి గంట పట్టడానికి కారణం ధ్యానం కాదు, ఆ చివర రాసుకొనే చోటు.

మొదటి రోజు ధ్యానంలో ఒక అమెరికన్ బాలిక కథ ఉంది. ఆమె ముఖం నిండా మచ్చలు, బడిలో పిల్లలు వెక్కిరిస్తారు, ఒక రోజు అద్దం ముందు నిలబడి దేవుడు తనను ఇలాగే చేశాడని గ్రహిస్తుంది. మా అమ్మాయి అది చదివి, "పాపం, ఆ అమ్మాయికి బొల్లి వచ్చిందా?" అని అడిగింది. తెల్లవాళ్ల చర్మం మీద ఎండకు వచ్చే గోధుమరంగు చుక్కల గురించి అది అని నేను చెప్పవలసి వచ్చింది. మనకు ఆ చుక్కలకు ఒక పేరైనా లేదు, ఎందుకంటే ఆ బాధ మనది కాదు. మన బాధకు పేర్లు కావలసినన్ని ఉన్నాయి: రంగు తక్కువ, చామనచాయ, కారునలుపు. క్రైస్తవ వివాహ ప్రకటనలు చూసినవారికి, "రక్షణ పొందిన, తెల్లని, చక్కని వధువు కావలెను" అన్న వరుసలో మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య కామా తప్ప మరేమీ లేదని తెలుసు.

మాటల ఎంపికలో కూడా ఇదే ఇబ్బంది. ఒకే పేరాలో "నీవు" అని మొదలుపెట్టి "మీరు" అని ముగిస్తారు. "మీ యొక్క ఉత్తమ రూపంగా మారండి" అన్న వాక్యం ఏ తెలుగు తల్లి నోటి నుంచీ, ఏ సంఘ కాపరి నోటి నుంచీ వచ్చేది కాదు. ప్రతి రోజూ కనిపించే "స్వీయ అంగీకారం" అన్న జంట పదం అన్నిటికంటే ఎక్కువగా నన్ను ఆపింది. నేను బడిలో తెలుగు చెబుతాను గనుక ఇటువంటివి పట్టుకొని వేలాడే అలవాటు నాకు ఉన్నదని ఒప్పుకుంటున్నాను. ఆ "ఒప్పుకోవడం" అన్న మాటే ఇక్కడ చాలేది. మన బైబిల్లో "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల" అని యోహాను రాసిన మొదటి పత్రికలో ఉంది. తప్పును ఒప్పుకోవడానికీ, ఒక మనిషిని సరేనని ఒప్పుకోవడానికీ, సంబంధాన్ని ఒప్పుకోవడానికీ తెలుగులో ఒకటే క్రియ. నన్ను నేను ఒప్పుకోవడం అంటే నాలో తప్పు లేదని చాటుకోవడం కాదనీ, ఉన్నది ఉన్నట్టు చెప్పి ఆ తరువాత కూడా తల దించుకోకుండా నిలబడడమనీ ఆ క్రియ దానంతట అదే చెబుతుంది. ఇంగ్లీషులో దీనిని రెండు మాటలుగా విడదీసి, ఒకటి పాపానికీ మరొకటి ఆత్మగౌరవానికీ కేటాయించారు. అనువాదకులు ఆ రెండో మాటను మాత్రమే మోసుకొచ్చి దానికి సంస్కృతపు చొక్కా తొడిగారు.

అయితే మొదటి రోజు ధ్యానం కింద ఇచ్చిన వాక్యభాగం 139వ కీర్తన. "నా అంతరింద్రియములను నీవే కలుగజేసితివి, నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే" అని మొదలై, "నీవు నన్ను కలుగజేసిన విధము చూడగా భయమును ఆశ్చర్యమును నాకు పుట్టుచున్నవి" అని సాగే ఆ చోట, అద్దమూ లేదు, అందమూ లేదు. తనను చూసుకొని మురిసిపోవడం కాకుండా, తనను చూసుకొని భయపడడం, ఆశ్చర్యపోవడం అక్కడ ఉన్నాయి. ధ్యానం రాసినవారు "నువ్వు అందంగా ఉన్నావు" అని నాలుగు సార్లు చెప్పగా, కీర్తన ఆ మాట ఒక్కసారి కూడా అనకుండా అంతకంటే పెద్ద మాట అన్నది. ఈ ప్రణాళికకు నేను ఇచ్చే మొదటి మార్కు వాక్యభాగాల ఎంపికకే.

రెండో రోజు సమూయేలు మొదటి గ్రంథం 16వ అధ్యాయం, ఇశ్రాయేలుకు కొత్త రాజును ఎన్నుకొనే ఘట్టం. "మనుష్యులు పైరూపమును లక్ష్యపెట్టుదురు గాని యెహోవా హృదయమును లక్ష్యపెట్టును" అన్న ఏడో వచనం దగ్గర ధ్యానం ఆగిపోతుంది. మా అమ్మాయి ఆగలేదు. ఇంకో అయిదు వచనాలు కిందికి చదివి, రాత్రి పదకొండు గంటలకు ఫోను చేసింది. "పెద్దమ్మా, ఇక్కడ దావీదు ఎఱ్ఱనివాడు, చక్కని నేత్రములు గలవాడు, చూచుటకు సుందరమైనవాడు అని ఉంది. చివరికి ఎర్రగా బుర్రగా ఉన్నవాడినేగా ఎన్నుకున్నది!" తెలుగు చెవికి ఆ "ఎఱ్ఱనివాడు" ఎలా వినిపిస్తుందో ఇంగ్లీషులో ధ్యానం రాసినవారికి తెలిసే అవకాశమే లేదు. నాకు వెంటనే జవాబు తోచలేదు. మరునాడు అధ్యాయం మొత్తం చదివిన తరువాత ఇలా రాశాను: ఏడో వచనంలో దేవుడు తోసిపుచ్చింది దావీదు పెద్దన్న ఏలీయాబు ఎత్తునూ రూపాన్నీ, దావీదు చక్కగానే ఉన్నాడు, కానీ ఆ చక్కదనం అతనికి ఇంట్లో ఏమీ తెచ్చిపెట్టలేదు, ప్రవక్త ఇంటికి వచ్చి కొడుకులందరినీ పిలవమన్నప్పుడు కన్నతండ్రి అతనిని గొర్రెల దగ్గరే వదిలేశాడు. అందంగా ఉన్నవాళ్లను కూడా ఇంట్లోవాళ్లు లెక్కలోకి తీసుకోకపోవచ్చు. ఈ జవాబు తనకు పూర్తిగా నచ్చిందని చెప్పలేను. "ఊఁ" అని మాత్రం వచ్చింది.

మూడో రోజు మీద నా అసలు అభ్యంతరం. ఆ రోజు వాక్యం యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో, కొత్త సంవత్సరానికి ఒక్కో వచనం రాసి ఉన్న వాగ్దాన కార్డులు తీసుకొనే అలవాటు ఉన్న ఏ ఇంటిలోనైనా ఈ వచనం గోడ మీదో బీరువా మీదో ఉంటుంది. "నీ జీవితం కోసం దేవునికి ఒక ప్రత్యేకమైన ప్రణాళిక ఉంది, నీ కలలు నెరవేరతాయి" అని ధ్యానం చెబుతుంది. కానీ కిందనే ఉన్న తెలుగు వాక్యం, "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అంటుంది. నిన్ను గూర్చి కాదు, మిమ్మును గూర్చి. నేటి ఇంగ్లీషులో ఒక్కరికీ పదిమందికీ ఒకే సర్వనామం గనుక అక్కడి పాఠకుడు ఆ మాటను తన గది తలుపు వేసుకొని తనకు మాత్రమే రాసిన ఉత్తరంగా చదువుకోగలడు. తెలుగులో ఆ వీలు లేదు. అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టి తీసుకుపోబడిన జనానికి యిర్మీయా పంపిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరు ఉన్న పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అని అందులో ఉంది. పదకొండో వచనానికి పైనున్న పదో వచనంలో తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందని కూడా ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. వాళ్లకు ఇచ్చిన నిరీక్షణ వాళ్ల మనవల చేతికి అందింది.

ఈ "మీరు" నాకు ఎందుకు ఇంత ముఖ్యమంటే, నేను ఒంగోలు మనిషిని. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 1876లో మొదలైన ఘోరమైన కరవు అప్పుడే గడిచింది. ఆ కాలంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని గుత్తకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ పనులు సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపించారు. నీళ్లలోకి దిగినవారిలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు ఒకరి చేయి ఒకరు పట్టుకొని నదిలోకి దిగారు. తమను తాము ఒప్పుకోవడం మా ప్రాంతంలో అట్లా మొదలైంది, అద్దం ముందు ఒంటరిగా కాదు. మా తాతమ్మకు పుట్టినప్పుడు పెట్టిన పేరు పెంటమ్మ. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే అట్లా పేరు పెట్టేవారు. బాప్తిస్మంలో ఆమె సువార్తమ్మ అయింది. ఆ కొత్త పేరును ఆమె తనంతట తాను పిలుచుకుంటే సరిపోయేది కాదు, వాడలో నలుగురూ ఆ పేరుతో పిలిచినందువల్లే అది పేరైంది. ధ్యానం రాసినవారు ఇదంతా రాయాలని నేను కోరడం లేదు. వాక్యంలో ఉన్న బహువచనాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచితే చాలునంటున్నాను.

నాలుగో రోజు మోషే. "నేను నోటి మాంద్యమును నాలుక మాంద్యమును గలవాడను" అని అతడు చెప్పుకోవడం, దేవుడు "నేను నీ నోటికి తోడై ఉంటాను" అనడం వరకు బాగుంది. అన్న అహరోనును తోడు పంపిన సంగతి మాత్రం ధ్యానంలో ఎక్కడా లేదు. ఆ రోజు మా అమ్మాయికి మిడ్ పరీక్ష ఉండి చదవలేకపోయింది, దేవునికి బాకీ పడ్డట్టు మూడు సార్లు క్షమాపణ రాసింది. తప్పిపోయిన రోజులను ముందుకు జరుపుకొనే సదుపాయం యాప్‌లోనే ఉందని చూపించాక కుదుటపడింది.

అయిదో రోజు ఈ ప్రణాళికలో అన్నిటికంటే మంచిది. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడు సార్లు వేడుకోగా, "నా కృప నీకు చాలును" అన్న జవాబు మాత్రమే వచ్చింది. ధ్యానం రాసినవారు ఇక్కడ ఒక్క అబద్ధపు హామీ కూడా ఇవ్వలేదు. ముల్లు ఏమిటో ఊహించలేదు, చివరికి తీసివేయబడిందని కథ మార్చలేదు, విశ్వాసం చాలకపోవడం వల్ల అది మిగిలిపోయిందని నిందించలేదు. మన దగ్గర కొన్ని స్వస్థత కూటాల్లో వినిపించే మాటలతో పోలిస్తే ఈ నిజాయితీ ఎంత విలువైనదో, జబ్బు తగ్గనందుకు సాక్ష్యం చెప్పడానికి సిగ్గుపడి వెనక వరుసలో కూర్చొనేవారికి తెలుసు. తెలుగు కూడా ఆ రోజు ఎందుకో కుదురుగా ఉంది. అనువాదకుడు మారి ఉండవచ్చు, లేదా ఆ రోజు రాసినవారికి చెప్పవలసినది నిజంగా ఉండి ఉండవచ్చు.

ఆరో రోజు వ్యక్తిత్వ వికాసం. ఉదయం అయిదుకు లేవడం, కృతజ్ఞతల పట్టిక రాయడం, మంచి నీళ్లు తాగడం, ఫోను పక్కన పెట్టడం (ఫోనులో చదువుతున్నవారికి) వంటి సలహాల పక్కన, "మీలో ఈ సత్‌క్రియ నారంభించినవాడు" దానిని కొనసాగిస్తాడని పౌలు ఫిలిప్పీయులకు రాసిన మాట ఇచ్చారు. ఆ మాటలో పని చేసేవాడు దేవుడు. పట్టికలో పని చేసేవాళ్లం మనం. రెండూ పక్కపక్కన పెట్టినవారికి ఆ తేడా కనిపించకపోవడం వింతగా ఉంది. నీళ్లు తాగడం మంచిదే.

లోపాలలో ఒకదానిని తేలికగా వదలలేను. తనను తాను అసహ్యించుకొనే స్థితిలో ఉన్నవారు వెతుక్కుంటూ వచ్చే ప్రణాళిక ఇది. వారిలో కొందరి బాధ ఏడు రోజుల ధ్యానంతో తీరేది కాదు. అయినా వైద్యుని దగ్గరికి వెళ్లమనీ, ఎవరితోనైనా మాట్లాడమనీ ఒక్క వాక్యం కూడా ఇందులో లేదు. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా చెట్టు కింద పడుకొని తన ప్రాణం తీసివేయమని అడిగినప్పుడు, దేవదూత అతనికి బోధ చేయలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ పెట్టి, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అన్నాడు. ఆ అధ్యాయాన్ని ఆరో రోజు పట్టిక స్థానంలో పెట్టి, కింద 14416 అన్న నంబరు వేసి ఉంటే ఈ ప్రణాళిక విలువ రెట్టింపయ్యేది. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సహాయ సేవ. రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మేము మా యవ్వనస్థుల కూటంలో ఆ నంబరును ప్రార్థనాంశాల కాగితం కిందనే ముద్రిస్తున్నాం.

ఇదంతా చెప్పిన తరువాత ఎవరికైనా దీనిని సిఫారసు చేస్తానా అంటే, ఒంటరిగా చదవబోయేవారికి చేయను, తోడు దొరికినవారికి చేస్తాను. ధ్యానం భాగాన్ని వేగంగా దాటించి, వాక్యభాగాన్ని అధ్యాయం మొత్తంగా చదివి, ఆ తరువాత ఒకరికొకరు రాసుకుంటే ఇది మంచి సాధనం. పాత అనువాదంలో గ్రాంథికం అడ్డు పడే పిల్లలకు, అదే తెరపై సరళమైన అనువాదానికి మార్చుకొనే వీలు చాలా ఉపయోగపడింది. ఖర్చు ఏమీ లేదు గనుక డబ్బుకు తగిన విలువ ఉందా అన్న ప్రశ్న రాదు. సమయానికి తగిన విలువ మాత్రం మా ఇద్దరికీ దక్కింది.

ఏడో రోజు "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న ఆజ్ఞ. ఆ రోజు నేను ప్రణాళికలో లేని ఒక చోటును మా అమ్మాయికి చూపించాను. పరమగీతము మొదటి అధ్యాయంలో ఒక యువతి, "నేను నల్లనిదాననైనను సౌందర్యవంతురాలను" అంటుంది. మూల హెబ్రీలో ఆ రెండు మాటలను కలిపేది ఒక చిన్న అక్షరం. దానికి "అయినను" అని ఎంత అర్థమో "మరియు" అని కూడా అంతే అర్థం. నల్లనిదానను, సౌందర్యవంతురాలను అని కూడా చదవవచ్చు. రంగు గురించి బాధపడే పిల్లల కోసం రాసిన ధ్యానంలో ఈ వచనం ఎట్లా తప్పిపోయిందో నాకు అర్థం కాలేదు. మా అమ్మాయి మాత్రం దాని తరువాతి వచనం దగ్గర ఆగింది. యాప్‌లో వాక్యాన్ని బొమ్మగా మార్చుకొనే సదుపాయం ఉంది. ఎండిన పొలం బొమ్మ మీద "నల్లనిదాననని నన్ను చిన్న చూపులు చూడకుడి" అన్న మాటలు వేసి, వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకుంది.

సాయంత్రానికి ఆ అత్తగారి దగ్గరి నుంచి సందేశం వచ్చింది: "ఇది ఎక్కడుందమ్మా, ఏ గ్రంథం?" మా అమ్మాయి అధ్యాయం, వచనం పంపింది. రెండు నీలి గీతలు పడ్డాయి.